ఐదు టన్నుల తేడా

రేవు కట్ట కూలి రెండు రోజులైంది. ఆ రెండు రోజులూ వెర్నా మొగుడితో ఒక్క మాట మాట్లాడలేదు.

అలాగని పని మానలేదు. రొట్టె కాల్చింది, ఉప్పు మాంసం నానబెట్టింది, టీ కెటిల్ ఎప్పటిలాగే పొయ్యి మీద ఉంచింది. కాకపోతే కూతురు వచ్చిన రాత్రి కూడా బల్ల మీద మూడు కంచాలే పెట్టింది. ఆమె మొగుడు లియాండర్ కీపింగ్, అలమర లోంచి నాలుగో కంచం తనే తీసుకుని, తనే వడ్డించుకుని, కిటికీ దగ్గర నిలబడి తిన్నాడు. ముప్ఫై ఏళ్ల కాపురంలో ఆ ఇంట్లో ఎవరూ నిలబడి తినలేదు.

చదువుకునే సెయింట్ జాన్స్ నుంచి శుక్రవారం సాయంత్రం దిగిన కూతురు ట్రూడీకి ఎదురైన ఇల్లు ఇది. ఏమైందని తల్లిని అడిగితే, మీ నాన్ననడుగు అంది. తండ్రిని అడిగితే, మంచు ఎత్తేసింది అన్నాడు. అన్న కాల్విన్‌ని అడిగితే టీ కప్పులోకి చూస్తూ, పాతబడిపోయిందిలే అన్నాడు.

పాతదే, కాదనడానికి లేదు. వెర్నా తండ్రి కట్టిన కట్ట అది. దుంగలను పెద్ద పెద్ద పెట్టెల్లా పేర్చి, ఒడ్డున ఏరిన రాళ్లు వాటి నిండా పోశాడు ఆయన. ఆ రాళ్ల బరువే కట్టని సముద్రంలో పట్టి నిలబెట్టింది. అరవై చలికాలాలు సముద్రం మీద గడ్డకట్టిన మంచు దాన్ని నెట్టింది, పైకి లాగింది, కదపలేకపోయింది. ఈ ఏడాది మార్చి నెలాఖరు మంచు మాత్రం దాన్ని ఖాళీ బుట్టని తీసినట్టు ఎత్తి పక్కకి పడుకోబెట్టింది.

ట్రూడీకి దాని గురించి బాధపడే తీరిక కూడా లేదు. ఆమె సంచిలో నలభై పేజీల జాబితా ఒకటుంది. అందులో ఐదు టన్నులు లెక్కకి రావడం లేదు. రిపోర్టు సోమవారం ఇవ్వాలి.

ఓడల నమూనాలు గీసే చదువులో ఆఖరి ఏడు ఆమెది. నలుగురు విద్యార్థులు కలిసి ఒక నిజమైన పడవని తీసుకోవాలి. అది నీళ్లలో ఎంత నిలకడగా నిలబడుతుందో కొలవాలి. ఆ తర్వాత దాన్ని ఎలా మెరుగుపరచవచ్చో గీసి చూపించాలి. మిగతా జట్లు కాగితం మీది ఓడల్ని ఎంచుకుంటే, మా నాన్న పడవ ఉందిగా అని ట్రూడీ చెయ్యెత్తింది. ఎందుకెత్తానా అని ఇప్పుడు ఆ చేతినే తిట్టుకుంటోంది.

లియాండర్‌కీ అందులో అవసరం ఉంది. పోయిన సెప్టెంబరులో అతను తన పడవ 'ఎఫీ' మీద, పని చేసే చోటంతా కప్పేలా ఇనుప కప్పు వేశాడు. పైన బరువు పెరిగితే పడవ నిలకడ తగ్గుతుంది కనుక, కొత్తగా నిలకడ పత్రం ఉంటేనే పీతల వేటకి వెళ్లాలని తనిఖీ అధికారి చెప్పిపోయాడు. పిల్లలు చేసిన పరీక్ష సరిగ్గా ఉంటే నేనే సంతకం చేస్తానని ట్రూడీ వాళ్ల ప్రొఫెసరు మాటిచ్చాడు. ఒకే పరీక్షతో కూతురికి మార్కులు, తండ్రికి పత్రం వస్తాయి కదా అని అప్పుడు ఇల్లంతా మురిసిపోయింది.

నవంబరు చివర పరీక్ష చేశారు. పడవ మీద తూకపు దిమ్మల్ని ఆ పక్కకీ ఈ పక్కకీ జరిపి, వేలాడే లోలకం ఎంత కదిలిందో కొలిచారు. ఫలితం చక్కగా వచ్చింది. కప్పు వేసిన పడవ ఇంత నిలకడగా ఉందా అని ప్రొఫెసరు రెండుసార్లు చూశాడు. చూసి, బాగానే ఉంది కానీ దీని బరువు ఇంతెందుకుందో నాకు వస్తువు వస్తువుగా చూపించు, అప్పుడే సంతకం అన్నాడు.

అక్కణ్ణించి మొదలైంది ట్రూడీ అవస్థ. క్రిస్మస్ సెలవులన్నీ పడవ మీదే గడిపింది. పొయ్యి తూచింది, తాళ్లు తూచింది, లంగరు తూచింది, తండ్రి బూట్లు తూచింది. ఎన్నిసార్లు కూడినా, పడవ నీళ్లలో మునిగిన లోతుని బట్టి లెక్కేసిన బరువుకి జాబితా ఐదు టన్నులు తక్కువే వస్తోంది. జట్టులో డెర్మట్ అనే కుర్రాడు విసిగిపోయి, రంగు, తడిసిన చెక్క, వైర్లు అని తలా కాస్త పంచేసి ఇచ్చేద్దామన్నాడు. ట్రూడీ ఒప్పుకోలేదు. ఐదు టన్నుల రంగు పూసిన పడవ ఎక్కడైనా ఉందా అని అరిచింది. అప్పట్నుంచీ జట్టులో ఎవరూ ఆమెతో సరిగా మాట్లాడటం లేదు. అక్కడ మౌనం భరించలేక ఇంటికొస్తే, ఇక్కడ ఇంకో మౌనం.

శనివారం పొద్దున బల్ల దగ్గర, నూనెలో వేయించిన రొట్టెముద్దల మధ్య, ఆ నలభై పేజీలూ పరిచింది.

"ఆ రోజు పడవలో ఇంకేమున్నాయో గుర్తు తెచ్చుకోండి. ఒక్కసారి. నా కోసం."

కాల్విన్ నవ్వాడు. "నా నీలం చొక్కా రాశావా? చాలా బరువమ్మాయ్ అది, ఉతికి ఏడాదైంది."

"అన్నయ్యా, నాకు ఏడుపొస్తోంది."

"అంత లెక్కలెందుకే? ఆ కప్పు వేశాక మన పడవ ఎంత హాయిగా ఉందో తెలుసా? ఇదివరకు ఎముకలు విరిగేలా కుదిపేది. ఇప్పుడు ఉయ్యాలే. పోయిన అక్టోబరంతా నేను నిలబడే టీ తాగాను."

ట్రూడీ చేతిలో పెన్సిల్ ఆగింది. ఉయ్యాల అన్న మాట ఆమెకి నచ్చలేదు. గట్టిగా నిలబడే పడవ విసురుగా లేస్తుంది, ఒంటిని కుదిపేస్తుంది. మెల్లగా, తాపీగా ఊగే పడవ లేవడానికి బద్ధకిస్తోందన్నమాట. ఈ సంగతి మొదటి ఏడాది మొదటి నెలలోనే చెప్పారు. తన పరీక్ష ప్రకారం 'ఎఫీ' కుదిపేసే పడవే అయి ఉండాలి.

"ఉయ్యాలా?" అంది. "అక్టోబర్లోనా?"

కిటికీ దగ్గర లియాండర్ నమలడం ఆపాడు. కాల్విన్ ఏదో కాని మాట జారినట్టు తండ్రి వైపు చూసి తలదించుకున్నాడు. ట్రూడీ ఆ చూపు చూసింది. ఇన్నాళ్లూ తను కాగితాల్లో వెతికింది ఈ గదిలోనే ఉందేమోనని అప్పుడు మొదటిసారి అనుమానం వచ్చింది.

అప్పుడు వెర్నా నోరు విప్పింది. కూతురి వైపే చూస్తూ, మొగుడికి వినబడేలా అంది.

"మా నాన్న కట్టలో ఎన్ని రాళ్లుండేవో అడగవేమే మీ నాన్నని?"

లియాండర్ కంచం తొట్టిలో పెట్టి, కోటు తగిలించుకుని బయటికి వెళ్లిపోయాడు. కంచంలో సగం తిండి అలాగే ఉంది.

ట్రూడీ కోటు కూడా వేసుకోకుండా రేవుకి పరిగెత్తింది. కట్ట పక్కకి ఒరిగి పడుకుని ఉంది. దుంగల పెట్టెలు నోళ్లు తెరుచుకుని ఆకాశం వైపు చూస్తున్నాయి. దగ్గరికి వెళ్లి ఒకదాని లోపలికి తొంగి చూసింది. అడుగున పిడికెడేసి రాళ్లు నాలుగు, ఒక విరిగిన సీసా, కాస్త నాచు. రెండోదీ అంతే. కూలినప్పుడు రాళ్లు పడిపోయాయేమోనని చుట్టూ నీళ్లలోకి చూసింది. అడుగున తేటగా ఇసుక కనబడుతోంది, రాళ్లు లేవు.

ఏం చేస్తున్నానో తనకే తెలియకుండా అడుగులతో పెట్టె కొలిచింది. ఇంత పొడవు, ఇంత వెడల్పు, రెండు పెట్టెలు, మధ్య ఖాళీలు తీసేస్తే ఇంత రాయి. చేతి మీద పెన్సిల్‌తో కూడింది. ఐదు టన్నులు, కొంచెం అటూ ఇటూ.

నాలుగు నెలలుగా నిద్ర లేకుండా వెతికిన సంఖ్య దొరికింది. దొరికినందుకు సంతోషం వేయాలి కదా, అంకె మారుతుందేమోనని బొటనవేలితో చెరిపి మళ్లీ కూడింది.

లియాండర్, ఊరి రేవు గట్టుకి కట్టిన పడవ మీద ఉన్నాడు. చుట్టిన తాడునే విప్పి మళ్లీ చుడుతున్నాడు. ట్రూడీ ఎక్కింది. సరుకు వేసే అడుగు గది మూత పక్కనుంచి, అలవాటుగా, దాన్ని తొక్కకుండా చుట్టు తిరిగి వెళ్లింది. ఏడేళ్లప్పుడు ఆడుకుంటూ ఆ మూతని వెల్లకిలా తిప్పి పెట్టింది. తండ్రి జీవితంలో ఒకే ఒక్కసారి ఆమెని కొట్టింది అప్పుడే. మూత తిరగబడితే పడవ తిరగబడుతుందని ఈ తీరమంతా నమ్ముతుంది. అలా జరిగిన రోజు ఆ పడవ రేవు వదలదు. ఆ రోజు లియాండర్ కూడా వలలు దించేసి ఇంటికొచ్చేశాడు. చెంప మీది వేళ్ల గుర్తులు సాయంత్రానికి పోయాయి కానీ భయం మాత్రం పోలేదు.

"పరీక్ష రోజు అడుగు పలకలు ఎత్తొద్దన్నావు," అంది. "కొత్తగా రంగేశాను, పాడవుతుందన్నావు."

"అన్నాను."

"డెర్మట్ ఎత్తి చూద్దామన్నాడు నాన్నా. నేనే వద్దన్నాను. మా నాన్న చెప్పారుగా అన్నాను. ఇంకెవరి పడవైనా అయితే మొదట ఆ పలకలే ఎత్తించేదాన్ని."

లియాండర్ తాడు కింద పెట్టాడు. అతను మాటకారి కాదు. తప్పు చేసినప్పుడు అసలే కాదు. అయినా చెప్పాడు, ముక్కలు ముక్కలుగా. కప్పు వేసిన వారానికే అతనికి తెలిసింది. మలుపు తిప్పితే పడవ ఒరిగి, ఆలోచించుకుని, అప్పుడు లేస్తోంది. నలభై ఏళ్లుగా పడవ మీద ఉన్న కాళ్లకి ఆ తేడా తెలియకుండా ఉండదు. పత్రం రాదని భయం వేసింది. పరీక్షకి ముందు రెండు సాయంత్రాలు కాల్విన్, తను కలిసి కట్ట లోంచి రాళ్లు తోడి, అడుగున బరువుంటే నిలకడగా కనబడుతుందని, పలకల కింద పేర్చారు. పరీక్ష అయ్యాక, మళ్లీ కట్టలో పోస్తూ ఊరి కంటపడతామని, తీసి లోతులో పారేశారు. వేసవిలో మళ్లీ నింపుతానని వెర్నాకి మాటిచ్చాడు. మంచు అంతవరకూ ఆగలేదు.

"అంటే అమ్మకీ తెలుసు."

"తెలుసు."

ఇంట్లో అందరికీ తెలుసు, లెక్కలు కట్టే మనిషికి తప్ప. ట్రూడీకి ఒళ్లు మండిపోయింది. పొయ్యి తూస్తుంటే చూశారు. బూట్లు తూస్తుంటే చూశారు. చలికి వేళ్లు కొంకర్లు పోయి ఆమె అంకెలు రాసుకుంటుంటే కాల్విన్ పక్కన నిలబడి లాంతరు పట్టుకున్నాడు.

"పోనీ ఆ రాళ్లు ఉంచేసేవాడివి కదా. పడవ నిలబడేది కదా."

"ఉంచి, పీతలెక్కడ పెట్టను? ఆ బరువు మీద సరుకు కూడా ఎక్కితే నీళ్లు అంచు దాటి లోపలికొస్తాయి."

"అయితే కప్పు తీసేయ్."

లియాండర్ ఆమె వైపు మొదటిసారి తిన్నగా చూశాడు. "ఆ కప్పు ఎందుకు వేశానో నీకు తెలుసు. కిందటేడు అల వచ్చి నీ అన్నని అంచు దాటించింది. ఒక చేత్తో వాడి కాలరు పట్టుకున్నాను, అమ్మడూ. ఆ చెయ్యి ఇప్పటికీ నొప్పిగానే ఉంది."

కొడుకు సముద్రంలో పడకూడదని వేసిన కప్పు, పడవనే పడేసేలా ఉంది. ఎవరి మీద కోపం తెచ్చుకోవాలో తెలియకపోతే ఆ కోపం ఇంకా బాధిస్తుంది. ట్రూడీ కళ్లు తుడుచుకుని, జాబితా పట్టుకు రమ్మని కాల్విన్‌ని కేకేసింది. అతను ఇంట్లోంచి నెమ్మదిగా, రానా వద్దా అన్నట్టు నడిచి వచ్చాడు.

తాళ్లు వదులు చేయమంది. పడవని ఒక పక్కకి ఊపి వదిలేస్తే, అది అటు ఒరిగి, ఇటు ఒరిగి మళ్లీ మొదటికి రావడానికి ఎంతసేపు పడుతుందో చూస్తే చాలు. ఎన్ని పేజీల లెక్కయినా ఆ ఒక్క కొలతతో తేలిపోతుంది. రాళ్లున్న పడవ లెక్క ప్రకారం ఒక ఊపుకి ఆరు సెకన్లు పట్టాలి.

అన్నాచెల్లెళ్లిద్దరూ అంచుల దగ్గర నిలబడి, ఒకరి తర్వాత ఒకరు బరువు వేసి ఊపారు. ఊపు అందుకున్నాక ఇద్దరూ మధ్యకొచ్చి నిలబడ్డారు. ట్రూడీ గడియారం చూసింది. ఐదు ఊపులు లెక్కపెట్టాలి. లియాండర్ గట్టు మీదకి దిగి నిలబడ్డాడు. మూడో ఊపు దగ్గరే మొహం తిప్పుకున్నాడు.

నలభై మూడు సెకన్లు పట్టింది. ముప్ఫై పట్టాలి.

"అంటే?" అన్నాడు కాల్విన్.

"అంటే నీ ఉయ్యాల మంచిది కాదు అన్నయ్యా. గట్టి అల ఒకటి తగిలితే ఇది లేవదు."

కాల్విన్ దులిపేసుకున్నట్టు భుజాలు ఎగరేశాడు. వేట బుధవారం మొదలవుతోంది, అప్పటికి పత్రం వస్తుందా రాదా అదొక్కటే చెప్పమన్నాడు. చెప్పాల్సింది తండ్రి కనుక ట్రూడీ ఆయన వైపే చూసింది. డెర్మట్ అన్నట్టు ఆ ఐదు టన్నుల్ని రంగులోనూ వైర్లలోనూ పంచేస్తే సోమవారం సంతకం అయిపోతుంది. బుధవారం నాన్న, అన్న ఈ పడవలో వెళ్తారు. రాళ్లని రాస్తే పడవ ఈ ఏడాదంతా రేవులోనే ఉంటుంది. పీతల కాలం పోతే ఈ ఇంటికి ఆ ఏడాది పోయినట్టే.

లియాండర్ చెయ్యి చాచాడు. "ఆ పెన్సిలిలా ఇవ్వు."

జాబితా ఆఖరి పేజీలో, ట్రూడీ నాలుగు నెలలుగా ప్రశ్న గుర్తు పెట్టి ఉంచిన గీత మీద, పెద్ద పెద్ద అక్షరాలతో రాశాడు. రాళ్లు, ఐదు టన్నులు, పెట్టింది లియాండర్ కీపింగ్. రాసి, తడి చేత్తో కాగితం నలగకుండా జాగ్రత్తగా ఆమెకి తిరిగిచ్చాడు.

"నీకు మార్కులు తగ్గిస్తారా?"

"ఏమో నాన్నా. తెలీదు."

సరిగ్గా అప్పుడే పడవలోని రేడియో పలికింది. మంచు పూర్తిగా తొలగింది కాబట్టి వేటని ముందుకి జరుపుతున్నారని, ఈ మధ్యాహ్నం నుంచే పీతల బోనులు వేసుకోవచ్చని చెప్పింది. రేవులో అన్ని పడవల మీదా ఒక్కసారిగా కదలిక వచ్చింది. ఇంకా ఆఖరి మాట పూర్తికాకుండానే కాల్విన్ ఇంజను గదిలోకి దూరాడు. ఇంజను దగ్గి అందుకుంది.

"ఎక్కు నాన్నా," అన్నాడు బయటికొచ్చి. "తనిఖీ మనిషి నూట యాభై మైళ్ల అవతల ఉన్నాడు. ట్రూడీ కాగితం సోమవారానికి కదా. ఈలోపు ఒక తడవ వెళ్లి వచ్చేద్దాం."

"ఇప్పుడే చూశావు కదా అన్నయ్యా."

"నువ్వూరుకో. నాలుగేళ్లు చదువుకుని వచ్చి మా నోటి దగ్గర కూడు తీసేస్తున్నావు."

అతను ఆ మాట అన్నాక తనే బాధపడినట్టు పక్కకి చూశాడు కానీ, వెనక్కి తీసుకోలేదు.

లియాండర్ పడవ ఎక్కాడు. తండ్రి ఒప్పుకున్నాడనుకుని కాల్విన్ ముందు తాడు విప్పడానికి వంగాడు. లియాండర్ నేరుగా అడుగు గది దగ్గరికి నడిచాడు. వంగి మూత రెండు చేతులా పైకెత్తాడు. ఒక్క క్షణం దాన్ని గుండెకి ఆనించి పట్టుకుని నిలబడ్డాడు. తర్వాత దాన్ని తిప్పి, వెల్లకిలా, చప్పుడు కాకుండా కింద పెట్టాడు.

పక్క పడవల మీద కూడా మాటలు ఆగిపోయాయి. ట్రూడీ చెయ్యి తెలియకుండానే చెంప మీదకి వెళ్లింది.

కాల్విన్ చాలాసేపు ఆ మూతనే చూశాడు. ఇంజను ఆపాడు. తన నూనె కోటు, చేతి తొడుగులు తీసుకుని అంచు దాటి, పక్కనే కట్టి ఉన్న హెడ్లీ పార్డీ పడవలోకి దూకాడు. హెడ్లీకి ఒక మనిషి తక్కువగా ఉన్నాడు. రమ్మని భుజం తట్టాడు.

"అన్నయ్యా, దిగు," అని ట్రూడీ అరిచింది. "హెడ్లీ మామా, ఒక్క నిమిషం ఆగు."

హెడ్లీ చెయ్యి ఊపాడు. ఇంజను మోతలో అతనికి ఏం వినబడిందో తెలియదు. పడవ రేవు వదిలింది. సెప్టెంబరులో లియాండర్ తన పడవకి కప్పు వేసుకున్న వారమే, మిగిలిన ఇనుప రేకుతో హెడ్లీకి కూడా వేసి పెట్టాడు. అవే కొలతలు, అవే చేతులు. పోనీ అని డబ్బు కూడా పుచ్చుకోలేదు.

వెర్నా ఎప్పుడు వచ్చిందో, ఒడ్డు మీద ఆప్రాన్‌తోనే నిలబడి ఉంది. రెండు రోజుల తర్వాత మొగుడితో మాట్లాడింది. "వాణ్ణి ఎందుకు పోనిచ్చావు?" అంది.

హెడ్లీ పడవ రేవు మూతి దాటి, బయటి సముద్రపు మొదటి అలని పక్కనుంచి అందుకుంది. ఎడమకి ఒరిగింది. ట్రూడీ గడియారం వైపు చూడకుండానే లెక్క మొదలుపెట్టింది. ఆరు దాటింది, పడవ ఇంకా ఒరిగే ఉంది. ఏడు. ఎనిమిది.

పక్కన తండ్రి పెదవులు కూడా కదులుతున్నాయని అప్పుడు చూసింది. ఆయన తొమ్మిది దగ్గర ఉన్నాడు.